మీటింగ్‌లో పాత్రలు గుర్తించే మోడల్: కొత్తవాళ్ల దగ్గర తప్పుతోంది

ప్రశ్న: నమస్కారమండీ. ఎం.టెక్ ప్రాజెక్టు కోసం ఏఎంఐ మీటింగ్ కార్పస్ (పరిశోధన కోసం రికార్డు చేసిన మీటింగుల సేకరణ) తీసుకున్నాను. ఏం మాట్లాడారన్నది వదిలేసి, ఎంతసేపు మాట్లాడారు, ఎన్నిసార్లు అడ్డుతగిలారు, గొంతు ఎలా ఉంది అన్నవాటితోనే ప్రాజెక్ట్ మేనేజర్ ఎవరో, డిజైనర్లు ఎవరో చెప్పించాలి. రికార్డింగులన్నీ ముక్కలు చేసి, కలిపేసి, 80 శాతం ట్రైనింగ్‌కి పెట్టాను. టెస్టులో చాలా బాగుంది. మా హాస్టల్ కమిటీ మీటింగ్ ఇస్తే మాత్రం నోటికొచ్చింది చెబుతోంది. వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పు మోడల్‌లో కాదు, ట్రైనింగ్‌కి, టెస్టుకి విడదీయడంలో ఉంది. టీవీ రిమోట్ డిజైన్ చేసే ఆ మీటింగుల్లో ఒక్కో జట్టులో నలుగురు. అదే నలుగురు, అవే పాత్రలతో మామూలుగా నాలుగుసార్లు కూర్చుంటారు. రికార్డింగుల పేర్లలో ఈఎస్2002 ఏ, బి, సి, డి అంటే ఒకే జట్టు. కలిపేస్తే మోడల్ పాత్రను నేర్చుకోదు, మనిషి గొంతును గుర్తుపెట్టుకుంటుంది. జట్టు మొత్తం ట్రైనింగ్‌లోనో టెస్టులోనో ఒక్కచోటే ఉండాలి. స్కోరు పడుతుంది, కంగారుపడకండి, మీ అసలు స్కోరు అదే. గుడ్డిగా చెప్పినా 25 శాతం వస్తుంది కాబట్టి ఆ అంకె పక్కనే చూపించండి.

ఇంకొకటి. ఊఁ కొట్టడాన్ని అడ్డుతగలడంగా లెక్కేస్తున్నారేమో చూడండి. నేనూ మొదట్లో ఇక్కడే దెబ్బతిన్నాను. శ్రద్ధగా వింటున్న మనిషి నా లెక్కలో పెత్తందారుగా తేలాడు! మాట్లాడుతున్నవారు ఆగిపోయి, రెండోవారు కొనసాగించినప్పుడే అడ్డుతగిలినట్టు లెక్కించండి.

ప్రశ్న: మరి హాస్టల్ మీటింగ్‌లో మేనేజరే లేరు కదండీ?

జవాబు: అందుకే అది ఈ మోడల్‌కి పరీక్ష కాదు. ఏఎంఐలో పాత్రలు ముందే చేతికిచ్చినవి. ఒకరికి వత్తాసు పలకడం, ఎదురు తిరగడం, మాట్లాడనివారికి అవకాశమివ్వడం లాంటి పాత్రలు మీటింగ్ మధ్యలోనే మారిపోతాయి. వాటికి చిన్న చిన్న భాగాలుగా, ఇద్దరు విడివిడిగా లేబుళ్లు వేయాలి. ఆ ఇద్దరి లేబుళ్లు ఎంత కుదిరాయో కప్పాతో (అనుకోకుండా కుదిరినవాటిని మినహాయించి చూసే కొలత) చూడండి. వారంలో అయ్యే పని కాదు, ఇప్పటికి వదిలేయండి.

ప్రశ్న: జట్లవారీగా విడదీశానండీ. మేనేజర్‌ని ఇంకా బాగానే పడుతోంది, మిగతా ముగ్గురూ ఒకరికొకరు కలిసిపోతున్నారు.

జవాబు: కలవాల్సిందే. మీటింగ్ మొదలుపెట్టేది, ముగించేది, ఇతరులను మాట్లాడించేది మేనేజరే, ఆ తీరు వినికిడిలోనే దొరుకుతుంది. ఆ ముగ్గురి తేడా మాట్లాడే విషయంలో ఉంది, మీరు వదిలేసింది దాన్నే. ఏ పాత్రను ఏ పాత్రగా పొరబడిందో పట్టికగా పెట్టి రివ్యూలో ఇదే చెప్పండి.