తాళం వేయని వైఫై వాడుకుంటే తప్పా?

కృష్ణాతీరం: మా అపార్టుమెంటులో పై అంతస్తు మామ్మగారి వైఫైకి పాస్‌వర్డ్ లేదు. రెండు నెలలుగా మా తమ్ముడు గ్రూప్స్ పాఠాలన్నీ దానిమీదే చూస్తున్నాడు. వద్దంటే, "వాడినా మానినా ఆవిడ బిల్లు అంతే కదా అక్కా" అంటాడు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

బాటసారి: చదువుకునే పిల్లవాణ్ని దొంగను చేయకండి. పక్కింటి అరుగు మీద దీపం వెలుగుతుంటే ఆ వెలుతురులో చదువుకోవడం నేరమా? తరంగాలు మీ ఇంట్లోకే వస్తున్నాయి. ఫోను అడిగింది, రౌటరు సరేనంది. వద్దనుకునేవారు తాళం వేసుకోవాలి.

మర్రిచెట్టు: బాటసారి గారూ, దీపం వెలుగు పదిమంది పంచుకున్నా తరగదు, డేటా తరుగుతుంది. చాలా ప్లాన్లలో నెలవారీ పరిమితి దాటగానే వేగం పడిపోతుంది. అప్పుడు వీడియో కాల్‌లో మనవడి ముఖం ఆగిపోతే, కారణం తెలియని ఆ మామ్మగారు ఎవరిని అడగాలి?

రౌటరు సరేనంటే యజమాని సరేనన్నట్టు కాదు. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి వెళ్లడాన్నే తప్పుగా చూస్తుంది, నష్టపరిహారం కట్టమంటుంది. తాళం ఉందా లేదా అన్న ప్రస్తావన అందులో లేదు. అదే పని మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీ తమ్ముడి మీద ఎవరో కేసు పెడతారని నేను అనను. అనుమతి అడగాల్సింది అతనే అంటున్నాను.

అసలు భయం వేరే ఉంది. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు నిమిషాల ముందు ఒక బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. ఆరా తీస్తే అది నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ వైఫై నుంచి వెళ్లిందని తేలింది. ఎవరో వాడుకున్నారు, పోలీసులు మాత్రం ఆయన ఇంటికే వెళ్లారు. ఆయన కంప్యూటర్లు పట్టుకెళ్లి ప్రశ్నించారు.

బాటసారి: ఆ లెక్కన రైల్వే స్టేషన్ వైఫై కూడా వాడకూడదా?

మర్రిచెట్టు: అది చలివేంద్రం. దారినపోయేవారి కోసమే పెట్టారు. తలుపు తీసి ఉందని ఒకరి వంటింట్లోకి వెళ్లి కుండలో నీళ్లు ముంచుకోము కదా.

బాటసారి: వంటింట్లోకి ఎవరూ వెళ్లలేదు. దాహం వేసినవాడికి నీళ్లిచ్చే ఊళ్లో పెరిగాను, నా మాట మార్చుకోను. అయితే అడిగి తాగడం మర్యాద, అది ఒప్పుకుంటాను.

కృష్ణాతీరం: నిన్న తమ్ముణ్ని తీసుకుని వెళ్లాను. టీవీ వెనుక దుమ్ములో రౌటరు పచ్చగా మిణుకుతోంది. బిగించినవాళ్లు పాస్‌వర్డ్ పెట్టకుండానే వెళ్లిపోయారట. తమ్ముడు తలవంచుకుని చెప్పేశాడు. "చదువుకో నాయనా, దానికేం" అన్నారు. వాడే కూర్చుని పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని అడిగారు: "నువ్వు కాక ఇంకెవరు వాడారో ఇందులో తెలుస్తుందా?" వెతికాం. పాత వివరాలేవీ రౌటరులో లేవు.