బ్యాండ్‌విడ్త్ పెరిగింది గానీ ఐ డయాగ్రమ్ పాడైంది, ఏం చేయాలి?

మాదాపూర్_ఇంటర్న్:
అన్నలూ, అక్కలూ, ఒక డిఫరెన్షియల్ ఆంప్లిఫైయర్ (రెండు సిగ్నల్స్ మధ్య తేడాని పెంచే సర్క్యూట్) స్టేజ్ చేస్తున్నా. లోడ్ 200 ఓమ్‌లు, అవుట్‌పుట్ నోడ్ మీద మొత్తం 100 ఫెమ్టోఫారడ్‌లు, అంటే ఉత్తగా వదిలేస్తే 8 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. నాకు 12 కావాలి. రెసిస్టర్‌కి సిరీస్‌లో 2.8 నానోహెన్రీ కాయిల్ పెడితే ఏసీ సిమ్యులేషన్‌లో (ఫ్రీక్వెన్సీని బట్టి గెయిన్ చూసేది) 14 దాటింది, సంబరపడ్డా. తీరా డేటా పంపి చూస్తే ఐ డయాగ్రమ్ (బిట్లన్నీ ఒకదానిమీద ఒకటి వేసి చూసే బొమ్మ, మధ్యలో కన్నులా తెరుచుకుంటే మంచిది) నిండా ఓవర్‌షూట్ (సిగ్నల్ హద్దు దాటి ఎగరడం), జిట్టర్ (అంచులు టైమ్‌లో అటూ ఇటూ కదలడం). రెసిస్టర్ తగ్గిద్దామంటే గెయిన్ పోతుంది, కరెంట్ పెంచుదామంటే పవర్ బడ్జెట్ ఒప్పుకోదు. సోమవారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

గచ్చిబౌలి_అనలాగ్:
తమ్ముడూ, మైనస్ 3 డీబీ (బ్యాండ్‌విడ్త్ అంచు) ఒక్కటే చూస్తే ఇలాగే అవుతుంది, గ్రూప్ డిలే (ఒక్కో ఫ్రీక్వెన్సీ ఎంత ఆలస్యంగా బయటికొస్తుందో) ప్లాట్ వేసి చూడు. నీ రెసిస్టెన్స్ వర్గాన్ని కెపాసిటెన్స్‌తో గుణిస్తే 4 నానోహెన్రీలు. అందులో 0.71 వంతు పెడితే బ్యాండ్‌విడ్త్ 1.85 రెట్లు వస్తుంది, అదే గరిష్ఠం, కానీ దాంతోపాటు 1.5 డీబీ దాకా పీకింగ్ (పై ఫ్రీక్వెన్సీల దగ్గర గెయిన్ ఉబ్బడం) కూడా వస్తుంది. నువ్వు సరిగ్గా అక్కడే కూర్చున్నావు. 0.41 వంతు పెడితే గెయిన్ ఫ్లాట్‌గా ఉండి 1.72 రెట్లు. 0.32 వంతు, అంటే 1.3 నానోహెన్రీ పెడితే 1.6 రెట్లే గానీ డిలే బాగా ఫ్లాట్‌గా ఉంటుంది, డేటాకి కావాల్సింది అదే. ఇంకోటి, కాయిల్ క్యూ (దాని సొంత రెసిస్టెన్స్ ఎంత తక్కువో చెప్పే కొలత) గురించి బెంగ వద్దు, ఎలాగూ రెసిస్టర్‌తో సిరీస్‌లోనే ఉంది కదా. సన్నటి మెటల్‌తో చిన్నగా గీసి, దాని రెసిస్టెన్స్‌ని 200లోంచి తీసేయ్. కాయిల్‌ని సప్లై వైపు పెట్టు, దాని పారసిటిక్ (మనం కోరకుండా వచ్చే) కెపాసిటెన్స్ నేరుగా అవుట్‌పుట్ మీద పడదు.

కాయిల్_వద్దు:
అసలు ఆ 100 ఫెమ్టోఫారడ్‌లు ఎక్కడివో చూశావా? తర్వాతి స్టేజ్ గెయిన్ 3 అయితే దాని గేట్-డ్రెయిన్ (ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య ఉండే) కెపాసిటెన్స్ మిల్లర్ ఎఫెక్ట్ వల్ల, అంటే గెయిన్ వల్ల పెద్దగా కనిపించి, 4 రెట్లై నీ నెత్తిన పడుతుంది. హెడ్‌రూమ్ (మిగులు వోల్టేజ్) ఉంటే అక్కడ క్యాస్కోడ్ (పైన ఇంకో ట్రాన్సిస్టర్ పేర్చడం) వేయి. లేదంటే డిఫరెన్షియలే కాబట్టి ప్రతి ఇన్‌పుట్ నుంచి అదే పోలారిటీతో కదిలే అవుట్‌పుట్‌కి చిన్న కెపాసిటర్‌తో న్యూట్రలైజ్ చేయి (ఆ కెపాసిటెన్స్ ప్రభావాన్ని రద్దు చేయి), కాకపోతే అతి చేస్తే స్టేజ్ ఆసిలేట్ అవుతుంది. నన్నడిగితే 1963 నాటి చెర్రీ-హూపర్ టోపాలజీ (ఫీడ్‌బ్యాక్‌తో బ్యాండ్‌విడ్త్ పెంచే సర్క్యూట్) కూడా ఒకసారి చూడు, కాయిల్ లేకుండానే పనవుతుంది.

మాదాపూర్_ఇంటర్న్:
1.3 పెట్టా అన్నా, ఐ చక్కగా తెరుచుకుంది, 12.7 వస్తోంది!

గచ్చిబౌలి_అనలాగ్:
టిపికల్‌లోనేగా (విలువలన్నీ అనుకున్నట్టే ఉన్నప్పుడు)? రెసిస్టర్ 15 శాతం పెరిగే కార్నర్‌లో (తయారీ తేడాల చివరి హద్దులో) రన్ చెయ్, 10 లోపే పడిపోతుంది. కాబట్టి పైన ఆయన చెప్పినట్టు ముందు కెపాసిటెన్స్ కొయ్యి. 75 ఫెమ్టోఫారడ్‌లకి దించగలిగితే కాయిల్ 1 నానోహెన్రీ లోపే సరిపోతుంది, ఆ కార్నర్‌లో కూడా 12 దాటుతుంది.