అప్‌డేట్: ఆ చైనా కుర్చీ సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదా, సింగపూర్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో గుండ్రటి వీపు కుర్చీ చూశాను, మింగ్ రాజుల కాలం (1368–1644) నాటి హువాంగ్‌హ్వాలీ (ఖరీదైన చైనా రోజ్‌వుడ్) కర్ర అంటున్నారు, కొనొచ్చా అని. కొనలేదు.

"ముందు తిరగేసి చూడు" అని మీలో ఒకరు అన్నారు. అదే కాపాడింది. ఆ కాలపు కుర్చీలకు ఎక్కువగా పేము అల్లిక సీటు ఉండేది. తర్వాత అల్లిక తీసేసి పలక వేసినా, చట్రం అడుగున దాని కోసం తొలిచిన బెజ్జాలు వరసగా మిగిలిపోతాయి. దీనికి ఒక్కటీ లేదు. పైగా మూలల్లో స్క్రూలు! చేతులు ఆనించే వంపు కమ్మీ మూడో ఐదో ముక్కలు ఒకదానిలో ఒకటి కొక్కెంలా దిగి, చిన్న చీలతో బిగుసుకోవాలి. ఇక్కడ జిగురు కనిపించింది. దుకాణం వాణ్ణి అడిగితే "రిపేర్ చేయించాం" అన్నాడు. నాలుగు మూలలూ ఒకేసారా?

టెన్షన్ తీరాక షాంఘై మ్యూజియానికి వెళ్లాను. చైనా పాత ఫర్నిచర్ పండితుడు వాంగ్ షిషియాంగ్ సేకరించిన 79 వస్తువులు చేరింది అక్కడికే. అసలైన అతుకు ఎలా ఉంటుందో అప్పుడు అర్థమైంది, గీత కూడా సరిగ్గా కనపడదు. ఇంకో సంగతి: మింగ్‌ల తర్వాత చైనాను ఏలిన చింగ్ చక్రవర్తులు మోజుపడ్డ జితాన్ కర్ర మన ఎర్రచందనమే, శేషాచలం కొండల చెట్టే. కడపవాణ్ణి, నాకే తెలీదు!

ప్రస్తుతానికి కుంచెలు పెట్టుకునే చిన్న చెక్క డబ్బా ఒకటి కొన్నాను. కొత్తదని చెప్పే అమ్మారు.