బొగ్గు స్టేషన్ పోయి గ్యాస్ ప్లాంట్ వస్తే బూడిద ఇటుకల వాళ్ల గతి ఏమిటి?

రాజురా ఇటుకలు:

అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా. చిన్న బూడిద ఇటుకల యూనిట్ నడుపుతున్నాను. థర్మల్ స్టేషన్ పొడి బూడిద, సున్నం, జిప్సం, క్రషర్ డస్టు కలిపి ప్రెస్ మీద అచ్చు పోస్తాం. బట్టీ లేదు, కాల్చే పని లేదు, నీళ్లు పెట్టి గట్టిపడనివ్వడమే. మొన్న బూడిద ట్యాంకర్ డ్రైవరు ఒకాయన, పాత యూనిట్లు తీసేసి ఆ చోట గ్యాస్ ప్లాంట్ పెడతారట, ఇక బూడిదే ఉండదట అని చెప్పి, చల్లగా టీ తాగి వెళ్లిపోయాడు. కొత్త ప్రెస్ కోసం బ్యాంకులో అప్పుకు కాగితాలు పెట్టి ఉన్నాను. గ్యాస్ మండితే నిజంగా బూడిద రాదా? మన వైపు అలాంటి ప్లాంట్ వచ్చే వీలుందా? తెలిసినవారు చెప్పగలరు.

పాత టర్బైన్:

తమ్ముడూ, గోదావరి వైపు గ్యాస్ ప్లాంటులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు బల్లార్‌పూర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను.

గ్యాస్‌కు బూడిద ఉండదు, ఆ మాట నిజం. 210 మెగావాట్ల పాత బొగ్గు యూనిట్ పూర్తి లోడు మీద రోజుకు సుమారు మూడున్నర వేల టన్నుల బొగ్గు తింటుంది. మన బొగ్గులో బూడిద 35–40 శాతం. అంటే ఒక్క యూనిట్ రోజుకు పన్నెండు వందల టన్నులకు పైగా బూడిద పోస్తుంది. గ్యాస్ ప్లాంటులో మీకు పిడికెడు కూడా దొరకదు.

యంత్రాన్ని నేను తక్కువ చేయను. గ్యాస్ టర్బైన్ వదిలే పొగ దాదాపు 600 డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఆ వేడితోనే ఆవిరి పుట్టించి రెండో టర్బైన్ తిప్పుతారు. ఇంధనంలో సగానికి పైగా కరెంటవుతుంది. పాత బొగ్గు యూనిట్‌లో మూడో వంతు వస్తే గొప్ప.

కానీ గొట్టంలో గ్యాస్ ఉండాలి కదా! 210 మెగావాట్లకు రోజుకు దాదాపు పది లక్షల ఘనపు మీటర్లు కావాలి. 2009లో కృష్ణా–గోదావరి తీరంలో సముద్రం కింది కేజీ డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ మొదలైనప్పుడు మా వైపు పెళ్లి సందడే. 2013 మార్చికి విద్యుత్ ప్లాంట్లకు ఆ గ్యాస్ సున్నా. కంట్రోల్ రూములో మీటరు సున్నా చూపిస్తుంటే, షాఫ్టు వంగకుండా అప్పుడప్పుడు తిప్పుతూ, బాయిలర్ గొట్టాలు తుప్పు పట్టకుండా నైట్రోజన్ నింపుతూ జీతాలు తీసుకున్నాం. సామర్లకోటలో గ్యాస్ ప్లాంటు కోసం తెచ్చిన యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌లో తేలాయి.

దేశంలో 20 వేల మెగావాట్లకు పైగా గ్యాస్ ప్లాంట్లు కట్టి ఉన్నాయి. చాలావాటికి చాలినంత గ్యాస్ లేదు. ఓడల్లో తెప్పిద్దామంటే డాలర్లు పోయాలి, 2022లో ఆ ధర ఎక్కడికి పోయిందో చూశాం. కాళ్ల కింద బొగ్గు పెట్టుకుని చంద్రపూర్‌లో ఆ ఖర్చు ఎవరు పెడతారు? కొత్తగూడెంలో పాత యూనిట్లు మూసి 2024 ఆగస్టులో కూలింగ్ టవర్లు కూల్చేశారు. కానీ అక్కడ 2018లోనే 800 మెగావాట్ల కొత్త యూనిట్ వచ్చింది, అదీ బొగ్గుదే. డ్రైవరు మాట నమ్మి కాగితాలు వెనక్కి తీసుకోకండి.

బల్లార్‌పూర్ టీచర్:

మాస్టారూ, మీ లెక్కలన్నీ బాగున్నాయి, ఊపిరి లెక్క ఏది? 2009లో కాలుష్య సూచీలో చంద్రపూర్‌కు వందకు 83.88 వచ్చింది. ఎక్కువ మార్కులు వస్తే సంతోషించే పరీక్ష కాదది. మా ఇల్లు బొగ్గు లారీలు వెళ్లే రోడ్డు పక్కనే. పొద్దున కడిగిన తులసి ఆకును సాయంత్రం రుద్దితే వేలు నల్లబడుతుంది. గ్యాస్ అయితే భూమి కింద గొట్టంలో వస్తుంది, లారీలు ఉండవు. నీళ్లూ సగం కూడా పట్టవు. 2010 వేసవిలో మన థర్మల్ స్టేషన్‌కు నీళ్లిచ్చే ఎరై జలాశయం అడుగంటి యూనిట్లు ఆపుకోవలసి వచ్చిన సంగతి మరిచిపోయారా? ఢిల్లీలో ఇంద్రప్రస్థ బొగ్గు స్టేషన్‌ను మూసేశారు, దాని పక్కనే ప్రగతి గ్యాస్ ప్లాంట్ నడిచింది. రాజధాని వాళ్లకు కుదిరింది మనకెందుకు కుదరదు?

పాత టర్బైన్:

అమ్మా, తులసి ఆకు సంగతి కాదనను. ఢిల్లీ వైపు గుజరాత్‌లోని హజీరా నుంచి గ్యాస్ గొట్టం ముందే వచ్చింది, అందుకే కుదిరింది. కేంద్ర ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్ వారి ముంబై–ఝార్సుగూడ గొట్టం దారి నాగపూర్ మీదుగా. అక్కడి నుంచి మనకు నూట యాభై కిలోమీటర్లు. గొట్టం వచ్చినా ధర సంగతి తేలాలి. లీకయ్యే మీథేన్ మాటా ఉంది, ఇరవై ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎనభై రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. లారీల మీద టార్పాలిన్ కట్టించమని అడగండి, సంతకం నేనూ పెడతాను. దానికి గ్యాస్ దాకా ఆగడమెందుకు?

రాజురా ఇటుకలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒకవేళ యూనిట్లు ఒక్కొక్కటే ఆగిపోతే, స్టేషన్ వాళ్లు నీళ్లతో కలిపి చెరువుల్లోకి వదిలిన బూడిద వాడుకోవచ్చా?

పాత టర్బైన్:

చెరువుల్లో ఏళ్ల తరబడి పేరుకున్నది బోలెడు. దాన్ని పదేళ్లలో ఖాళీ చేయాలని 2021 డిసెంబరులో కేంద్రం నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. కానీ అది ముతక, పైగా తడి. పొడి బూడిదలా సున్నంతో పట్టుకోదు. మొత్తం ఒకేసారి మార్చకండి. ఆరబెట్టి, జల్లెడ పట్టి, పొడి బూడిదలో కొంత మేర కలిపి ముందు ఒక వరుస పోయండి. 28 రోజులు తడిపాక ల్యాబ్‌లో పగలగొట్టించి బలం చూడండి. తక్కువ వస్తే సున్నం పెంచాలి, అప్పుడు ఇటుక ధర గిట్టుబాటవుతుందో లేదో మీరే లెక్క వేసుకోవాలి.