డెమ్‌ను 5 మీటర్లకు మార్చినా బుడమేరు ముంపు మ్యాప్ బాగుపడటం లేదు

ప్రశ్న:
2024 సెప్టెంబరు విజయవాడ వరదకు ముంపు లోతుల మ్యాప్ చేస్తున్నాను. నీటి హద్దు సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం నుంచి, నేల ఎత్తులు కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ (ఒక్కో గడికి ఒక ఎత్తు ఉండే పటం) నుంచి తీసుకున్నాను. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో బైలీనియర్ పద్ధతితో (పక్క గళ్ల ఎత్తుల్ని సగటు చేసి) 5 మీటర్ల గళ్లకు రీసాంపుల్ చేశాను. చూడ్డానికి నున్నగా ఉంది కానీ సింగ్‌నగర్‌లో మునిగిన వీధులు పొడిగా, రైలు కట్ట మీద నీళ్లున్నట్టు వస్తోంది. ఎక్కడ తప్పుతోంది?

జవాబు 1:
రీసాంపుల్ చేస్తే గళ్లు పెరుగుతాయండి, కొత్త ఎత్తులు రావు. పైగా కోపర్నికస్‌ది నేల మట్టం కాదు. డాబాలు, చెట్ల పైభాగాలూ అందులో కలిసి ఉంటాయి. వాటిని తగ్గించిన ఫ్యాబ్‌డెమ్‌తో మొదలుపెట్టండి (వాణిజ్య పనులకు దాని ఉచిత లైసెన్సు ఒప్పుకోదు). అయినా పది మీటర్ల వెడల్పు కట్ట 30 మీటర్ల గడిలో చుట్టుపక్కల నేలతో కలిసి చదునైపోతుంది. కట్ట మీద ఆర్‌టీకేతో (చాలా కచ్చితమైన జీపీఎస్ సర్వే) ప్రతి 20 మీటర్లకు ఒక పాయింటు, గండ్లు, పల్లాల దగ్గర ఇంకా దగ్గరగా తీసుకుని ఆ గీత ఎత్తుల్ని డెమ్‌లోకి ఎక్కించండి. తూములు, కల్వర్టులు మాత్రం తెరిచి ఉంచాలి. అవి మరిచిపోతే మోడల్‌లో నీళ్లు కట్టకు ఒకవైపే నిలిచిపోతాయి. చాలామంది చేసే పొరపాటు ఇదే.

జవాబు 2:
పొడిగా కనిపించే వీధుల సంగతి వేరు. నీటి మీద, గోడ మీద రెండుసార్లు తగిలిన రాడార్ సంకేతం బలంగా వెనక్కి వస్తుంది. మీ త్రెషోల్డ్ (నీటిని వేరుచేసే హద్దు విలువ) మసకగా ఉన్నదాన్నే నీరనుకుంటుంది కాబట్టి ఆ వీధులు జారిపోతాయి. ఇళ్ల మధ్య కొహెరెన్స్ (రెండు రాడార్ చిత్రాల సంకేతాలు ఎంత కలుస్తాయో) చూడండి: ఒకే ఆర్బిట్‌వి (కక్ష్య), వరదకు ముందువి రెండు, వరదప్పటిది ఒకటి, ఎస్‌ఎల్‌సీ (సంకేతం ఫేజ్ కూడా ఉండే) చిత్రాలు. ముందు జతలో ఎక్కువగా ఉండి వరదప్పటి చిత్రం ఉన్న జతలో పడిపోయిన చోటు మునిగిందని అనుమానించదగ్గది. జీఆర్‌డీలో (సంకేతం బలం మాత్రమే ఉండే చిత్రాలు) పిక్సెల్ 10 మీటర్లే అయినా అసలు స్పష్టత 20 మీటర్ల దగ్గర ఉంటుంది. సందుల వరకు దాన్ని నమ్మకండి.

జవాబు 3:
ఆర్‌టీకే ఎత్తులు కలిపే ముందు డేటమ్ (ఎత్తుల్ని ఎక్కడి నుంచి లెక్కిస్తారో ఆ ఆధారం) సరిచూసుకోండి. రిసీవర్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ (భూమి గణిత ఆకారం) నుంచి ఎత్తు, కోపర్నికస్‌ది ఈజీఎం2008 (సగటు సముద్ర మట్టానికి దగ్గరి ఉపరితలం) నుంచి. మన ప్రాంతంలో ఆ తేడా 70 మీటర్లకు పైనే.

నీటి మట్టానికి నీటి హద్దు మీది పాయింట్ల ఎత్తులు పొలాల్లో, ఖాళీ స్థలాల్లో మాత్రమే తీసుకోండి. వాటిని ఇంటర్‌పొలేట్ చేసి (మధ్య చోట్లకూ అంచనా వేసి) నేల ఎత్తు తీసేస్తే లోతు వస్తుంది. విడిగా మిగిలిన మడుగుల్ని గుడ్డిగా చెరిపేయొద్దు, డ్రైన్ల గుండా నీళ్లు అక్కడికి చేరి ఉండొచ్చు. గోడల మీది నీటి మరకను టేపుతో కొలిచి పోల్చండి. అయితే ఉపగ్రహం దాటిన వేళ వేరు, నీరు అత్యధికంగా ఉన్న వేళ వేరు. మరక చూపేది రెండోదాన్ని.