ఓటీపీ చెప్పలేదు, లింక్ నొక్కలేదు, అయినా అమ్మ అకౌంట్లోంచి వేలిముద్రతో 20 వేలు తీసేసారు, ఏటి చెయ్యాలి?

మల్కాపురం కుర్రోడు (మంగళవారం మధ్యాహ్నం)

అందరికీ నమస్కారం, కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్, నిన్నటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సయించట్లేదు.

మా అమ్మ ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలు ఒలిచే పనికెళ్తాది, ఇరవై ఏళ్ళ బట్టీ అదే పని. నిన్న సాయంత్రం రీఛార్జ్ చెయ్యమని తన ఫోన్ నా చేతికిచ్చింది, బటన్ల ఫోనే, ఊరికే మెసేజ్‌లు చూస్తే శనివారం సాయంత్రం 10,000 కట్ అయింది, ఆదివారం పొద్దున్న మళ్ళీ ఇంకో 10,000. రెండింట్లోనూ ఏఈపీఎస్ (ఆధార్ నంబరు, వేలిముద్రతో డబ్బులు తీసే పద్ధతి) అని ఉంది. అమ్మకి ఏటీఎం కార్డే లేదు, ఫోన్‌పే లేదు, ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, శనివారం ఆ టైముకి నా ఎదురుగానే కూర్చుని చేపలు కోస్తోంది.

ఇవాళ పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళేం. కౌంటర్లో అతను సిస్టమ్ చూసి, వేలిముద్ర మ్యాచ్ అయిందమ్మా, అంటే మీరే తీసుంటారు, లేకపోతే మీ ఇంట్లో వాళ్ళెవరో మీచేత వేలు పెట్టించుంటారు అనీసేడు. అమ్మ అక్కడే ఏడ్చీసింది. నన్నే అనుమానించినట్టు మాట్లాడేరు.

నాకు కడుపు మండేది ఏటంటే, ఆ రొయ్యల పనికి అమ్మ వేళ్ళు మొత్తం అరిగిపోయేయి. రేషన్ దగ్గర నాలుగు సార్లు పెట్టినా మెషీన్ తీసుకోదు, కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్ళీ పెట్టాలి. సొంత వేలు తనకి పనిచెయ్యదు గాని ఎవడో దొంగకి పనిచేసిందా?

ఒక్క డౌటు, మూడు నెలల క్రితం ఊళ్ళో అమ్మ వాటా స్థలం అమ్మేం, రిజిస్ట్రేషన్‌కి వేలిముద్రలు పెట్టింది, ఆధార్ జిరాక్స్ ఇచ్చేం. దానికీ దీనికీ సంబంధం ఉంటాదా? డబ్బులు వస్తాయా?

సీతమ్మధార మాస్టారు

బాబూ, నేను బ్యాంకులో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ముందు ఒక్క మాట, రేపు బుధవారం మధ్యాహ్నం లోపు బ్యాంకులో రాతపూర్వకంగా కంప్లయింట్ పడిపోవాలి. నోటితో చెప్పింది లెక్కలోకి రాదనుకో. కాగితం రెండు కాపీలు రాసి, ఒకదాని మీద బ్రాంచి స్టాంపు, తారీకు, సంతకం వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి, స్టాంపు వెయ్యమంటే అక్కడే నిలబడి మేనేజర్‌నే అడగండి.

ఎందుకింత తొందరంటే 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. తప్పు నీదీ కాదు బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎవడో చేసాడు, అలాంటప్పుడు మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లో చెప్తే కస్టమర్ మీద రూపాయి భారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత మనం భరించాలి, మామూలు సేవింగ్స్ ఖాతాకి ట్రాన్సాక్షన్‌కి 10,000 దాకా, అంటే మీ విషయంలో మొత్తం పోయినట్టే. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, ఆదివారం పనిదినం కాదు, కాబట్టి సోమ, మంగళ, బుధ. రేపే ఆఖరు.

ఇంకోటి, మీరే తీసారు అని తేల్చాల్సింది బ్యాంకు, మేం తియ్యలేదు అని రుజువు చేసుకోవాల్సింది మీ అమ్మగారు కాదు. అదే సర్క్యులర్లో స్పష్టంగా ఉంది. కంప్లయింట్ అందిన పది పనిదినాల్లో ఆ సొమ్ము తాత్కాలికంగా ఖాతాలో వెయ్యాలి, 90 రోజుల్లో తేల్చాలి. 30 రోజులకీ జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, ఆన్‌లైన్లో పెట్టొచ్చు, ఫీజేమీ లేదు, 14448కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

కౌంటర్లో అబ్బాయి అన్న మాటకి మాత్రం నాకే సిగ్గనిపించింది బాబూ. అమ్మగారికి చెప్పు, ఆవిడ తప్పేం లేదని.

గోపాలపట్నం

బ్రో సేమ్ మా నాన్నకి జరిగింది రెండేళ్ళ క్రితం, 10,000 పోయింది, తిరిగి వచ్చింది కాబట్టి ధైర్యంగా ఉండు.

ఈ పద్ధతిలో డబ్బు తియ్యడానికి కావాల్సింది మూడే, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. పిన్ లేదు, ఓటీపీ లేదు. పల్లెల్లో బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫు ఏజెంటు) దగ్గర చిన్న మెషీన్ మీద ముసలోళ్ళు డబ్బులు తీసుకోడానికి పెట్టిన మంచి పద్ధతే ఇది, దాన్నే వీళ్ళు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ కాగితాల కాపీల మీద వేలిముద్ర, ఆధార్ నంబరు రెండూ ఒకే చోట దొరుకుతాయి, ఆ ముద్రని రబ్బరు స్టాంపు చేసినట్టు అచ్చు తీసి స్కానర్ మీద పెడతారు. మీది అలాగే జరిగిందని నేను చెప్పలేను గాని ఇలా చేసి దొరికిన ముఠాలున్నాయి. 2023లో ఆధార్ వాళ్ళు అది బతికున్న వేలా కాదా అని కూడా చూసే కొత్త చెకింగ్ తెచ్చారు, అయినా జరుగుతూనే ఉన్నాయి.

నువ్వు ఇప్పుడే, ఇది చదువుతూనే, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యి. తీసిన డబ్బు ముందు ఆ మెషీన్ వాడి వాలెట్లో పడుతుంది, అక్కడినుంచి కదలకపోతే ఆపగలరు. వాళ్ళిచ్చే నంబరు రాసుకో, తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్లో మెసేజ్ ఫొటోలు పెట్టు. మెసేజ్‌లో 12 అంకెల రిఫరెన్స్ నంబరుంటుంది చూడు, దాన్ని బట్టే ఏ మెషీను, ఎవడి పేరు మీద ఉంది అనేది బ్యాంకు లాగగలదు, కంప్లయింట్లో అది తప్పకుండా రాయి.

మాకు బాగా పనికొచ్చింది ఏంటంటే మైఆధార్ సైట్లో అథెంటికేషన్ హిస్టరీ. ఆధార్ నంబరు కొట్టి ఫోన్‌కొచ్చిన ఓటీపీ వేస్తే ఆరు నెలల్లో ఎవరెవరు ఎప్పుడు వేలిముద్ర అడిగారో వస్తుంది. నాన్నది చూస్తే ఒకే నిమిషంలో రెండు ఫెయిల్, మూడోది సక్సెస్, ఆ టైముకి ఆయన స్టీల్ ప్లాంట్లో డ్యూటీలో ఉన్నారు, హాజరు రికార్డు ఉంది. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే మేనేజర్ మాట మారిపోయింది. మీ అమ్మగారిదీ ప్రింట్ తీసుకెళ్ళు.

డబ్బు రెండున్నర నెలలకి పడింది.

సచివాలయం ఉద్యోగిని

ఇలాంటివి జరిగితే అందరూ ఆధార్ వేలిముద్రలు లాక్ చెయ్యమంటారు, చెయ్యాలి కూడా, కానీ ఒక్క విషయం ఎవరూ చెప్పరు. ఆధార్ వాళ్ళ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెడితే వేలిముద్రతో పాటు కంటిపాప, ముఖం కూడా లాక్ అయిపోతాయి. అమ్మగారికి పెన్షన్ వస్తుంటే ఒకటో తారీకున మేం అది ఇవ్వడానికి ఇంటికొచ్చినప్పుడు ఏదీ పనిచెయ్యదు, 330 అని ఎర్రర్ వస్తుంది. కిందటి నెల ఒక మామ్మగారి ఇంట్లో ఇదే జరిగితే, లాక్ పెట్టిన కొడుకు బెంగళూరులో, ఓటీపీ వెళ్ళే ఫోన్ అతని దగ్గర, ఆవిడ గుమ్మంలోనే కూర్చుని నా చేతిలో 4,000 వైపు చూస్తూ ఉండిపోయింది, నాకు ఇచ్చే దారి లేదు. సాయంత్రం ఆయన డ్యూటీ అయ్యాక అన్‌లాక్ చేస్తే అప్పుడు మళ్ళీ వెళ్ళి ఇచ్చాను.

అందుకే లాక్ పెట్టండి తమ్ముడూ, కానీ ఓటీపీ వచ్చే సిమ్ ఇంట్లోనే ఉండేలా చూసుకోండి, ఒకటో తారీకు పొద్దున్నే, రేషన్‌కి వెళ్ళే ముందు కాసేపు తెరిచి మళ్ళీ వేసెయ్యండి. జిరాక్స్ ఇవ్వాల్సొస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, తీసుకునే చోట. పిన్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా.

మల్కాపురం కుర్రోడు (బుధవారం రాత్రి)

మాస్టారూ, అన్నా, అక్కా, ముగ్గురికీ చాలా థాంక్స్. నిన్ననే 1930కి చేసేను, లైను దొరకడానికి కాస్త టైం పట్టింది గాని నంబరిచ్చేరు. హిస్టరీ తీస్తే శనివారం వరసగా మూడు ఫెయిల్, తర్వాత సక్సెస్. ఇవాళ కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళేం, నిన్నటి అతనే, స్టాంపు వెయ్యనన్నాడు, మేనేజర్ దగ్గరికెళ్ళి 2017 సర్క్యులర్ అనగానే ఆవిడే కూర్చోబెట్టి చదివి స్టాంపు వేసింది, అకౌంట్‌కి ఆధార్‌తో డబ్బు తీసే సదుపాయం కూడా ఆపించీసేం.

లాక్ పెట్టీసేను. అమ్మ ఫోన్‌లో ఒకటో తారీకు పొద్దున్న ఆరింటికి అలారం పెట్టేను. పది పనిదినాలయ్యాక ఏటయిందో ఇక్కడే రాస్తాను.