ఆర్ట్ లైన్ (ధమనిలో పెట్టిన గొట్టం) బీపీకి, కఫ్ (చేతికి కట్టే పట్టీ) బీపీకి 20 తేడా వస్తే ఏది నమ్మాలి?

కొత్త_ఐసీయూ_నర్స్:
అందరికీ నమస్తే. నన్ను వార్డు నుంచి ఐసీయూకి మార్చి రెండు నెలలైంది, ఇప్పటికీ మానిటర్ మోగితే చాలు గుండె దడే. మొన్న నైట్‌లో ఒక సెప్సిస్ పేషెంటుకి నోరాడ్ (బీపీ పెంచే మందు) గంటకి 4 ఎంఎల్ వెళ్తోంది, మీన్ (సగటు బీపీ) 73, 74 దగ్గర నిలకడగా ఉంది. తెల్లవారుజామున పోర్టబుల్ ఎక్స్‌రే వాళ్లు వచ్చి వెళ్లిన కాసేపటికి చూస్తే ఆర్ట్ లైన్ 84/46, మీన్ 59! 65 తగ్గనివ్వొద్దని ఆర్డర్ ఉంది కదా, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే 6కి పెంచమన్నారు, పెంచాను. మార్నింగ్ ఇన్‌ఛార్జ్ సిస్టర్ వచ్చి కఫ్ కట్టి చూస్తే 112/64, అదే టైములో ఆర్ట్ లైన్ 92/50. "ముందు ట్రాన్స్‌డ్యూసర్ (లైన్ ఒత్తిడిని కొలిచే పరికరం) చూసుకోవా?" అని అందరి ముందూ అన్నారు. డ్యూటీ ఎక్కగానే జీరో చేశాను, ఇంకేం చూడాలి?

ఇంకోటి కూడా. నిన్న పక్క బెడ్‌లో వీటీ (గుండె ప్రమాదకరంగా వేగంగా కొట్టుకోవడం) అలారం, రేటు 210. క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ బండి) లాక్కుంటూ పరుగెత్తాను. చూస్తే ఫిజియో (ఫిజియోథెరపిస్ట్) పేషెంట్ వీపు మీద తడుతున్నాడు, పేషెంటేమో "ఏమైందమ్మా" అని నన్నే అడిగాడు. అందరూ ఒకటే నవ్వు.

నైట్_డ్యూటీ_అక్క:
చెల్లీ, జీరో వేరు, లెవెల్ వేరు. త్రీవేని (ట్రాన్స్‌డ్యూసర్ దగ్గరి మూడు దారుల ట్యాప్) గాలికి తెరిచి బటన్ నొక్కడం జీరో. ఆ త్రీవే గుండె ఎత్తులో ఉండేలా పెట్టడం లెవెల్, అంటే నాలుగో పక్కటెముకల సందు నుంచి అడ్డంగా వచ్చి చంక మధ్య గీతని కలిసే చోటు. మీ ట్రాన్స్‌డ్యూసర్ సెలైన్ స్టాండుకి బిగించి ఉంటుంది, అవునా? ఎక్స్‌రే వాళ్లు బెడ్ కిందికి దించి ఉంటారు, మళ్లీ ఎవరూ లేపి ఉండరు. పేషెంట్ కిందికి పోయాడు, ట్రాన్స్‌డ్యూసర్ పైనే ఉండిపోయింది. ప్రతి 10 సెంటీమీటర్లకి దాదాపు 7.5 తక్కువ చూపిస్తుంది, 20 సెంటీమీటర్లు దిగితే 15 పోయినట్టే. మీ మీన్ 74 కాస్తా 59 అయిందంటే లెక్క సరిగ్గా సరిపోయింది చూడు. ట్రాన్స్‌డ్యూసర్ గుండె కంటే కింద ఉంటే దీనికి రివర్స్, బీపీ పడిపోయినా మనకి బాగానే కనబడుతుంది. నాకు అదే ఎక్కువ భయం.

మేం ట్రాన్స్‌డ్యూసర్‌ని పేషెంట్ పై చెయ్యికే కట్టేస్తాం. అప్పుడు బెడ్ పైకీ కిందకీ ఎంత జరిపినా ఆ గొడవ ఉండదు, తల వైపు ఎత్తినప్పుడు మాత్రం ఒకసారి చూసుకోవాలి.

మత్తు_పీజీ:
లెవెల్ చూశాక ఫ్లష్ (లైన్‌లోకి సెలైన్ జోరుగా పంపేది) లాగి వదలండి. గీత చతురస్రంలా లేచి, దిగాక ఒకటి రెండు సార్లు ఊగి ఆగితే సరే. ఊగకుండా నీరసంగా దిగితే లైన్‌లో గాలి బుడగో, గడ్డో ఉంది, లేదా మణికట్టు వంగింది, లేదా ప్రెషర్ బ్యాగ్ (సెలైన్‌ని నొక్కి ఉంచే సంచి) 300 నుంచి దిగిపోయింది. అప్పుడు పైది తక్కువ, కిందది ఎక్కువ చూపిస్తుంది, మీన్ మాత్రం చాలావరకు నిజానికి దగ్గరగానే ఉంటుంది. ఫోన్ చేసే ముందు ఈ రెండూ చూసి, ఒకసారి కఫ్ కూడా కొట్టి చెప్తే మాకూ సుఖం. ఫోన్‌లో "మీన్ 59" అని వింటే ఎవరైనా పెంచమనే అంటారు, ఆ తప్పు మీ ఒక్కరిదే కాదు.

సీసీయూ_బ్రదర్:
వీటీ గురించి నేను చెప్తా. పరుగెత్తినందుకు ఫీల్ అవ్వకండి, నవ్వినవాళ్లు ఏదో ఒక రోజు నిజం వీటీని ఫిజియో అనుకుంటారు. పేషెంట్ మాట్లాడుతున్నాడు కాబట్టి వీటీ కాదు అనడం కూడా తప్పే, పల్స్ ఉన్న వీటీతో కూర్చుని టీ అడిగినవాళ్లని చూశాను. పల్స్ పట్టుకుంటూనే ఆర్ట్ లైన్ గీత, ఆక్సిజన్ ప్రోబ్ గీత చూడండి. ఈసీజీ 210 అంటుంటే అవి రెండూ తాపీగా 84 కొడుతున్నాయంటే లీడ్ (ఈసీజీ వైరు) కదులుతున్నట్టే. స్ట్రిప్ (ఈసీజీ కాగితం) తీస్తే ఆ గజిబిజిలోనే అసలు క్యూఆర్ఎస్‌లు (గుండె ఒక్కో బీట్‌కి లేచే ముల్లు గీతలు) సమాన దూరంలో తొంగి చూస్తుంటాయి. పల్స్ లేకపోతే ఇవేవీ చూడొద్దు, కేకేసి సీపీఆర్ మొదలుపెట్టి షాక్‌కి రెడీ చేయండి.

డయాలసిస్ పేషెంట్లలో ఇంకో తమాషా. మానిటర్ రేటు 140, చేత్తో చూస్తే 70. క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే టీ వేవ్ పొడుగ్గా లేచి, మానిటర్ దాన్ని కూడా బీట్ కింద లెక్కేస్తోంది. మానిటర్ తప్పు కదా అని వదిలేయకండి, ఆ టీ అంత ఎందుకు లేచిందో ముందు పొటాషియం టెస్టుకి రక్తం పంపి చూడండి.

కొత్త_ఐసీయూ_నర్స్:
థాంక్యూ అక్కా, థాంక్యూ సర్, థాంక్యూ బ్రదర్. ఈరోజు హ్యాండోవర్ అయ్యాక స్టేబుల్ పేషెంట్ దగ్గర రిమోట్ నొక్కి బెడ్ మెల్లగా దించాను. మీన్ 81, 78, 74, 70... నోరాడ్ ముట్టుకోలేదు, ఆయన హాయిగా నిద్రపోతున్నాడు. బెడ్ పైకి లేపితే మళ్లీ 81. ఇన్‌ఛార్జ్ సిస్టర్ వెనక నిలబడి చూశారు, ఏమీ అనలేదు గానీ వెళ్తూ వెళ్తూ మైక్రోపోర్ టేపు రోల్ నా చేతిలో పెట్టి వెళ్లారు.